కువైట్ వీసా కంటే ముందు ఇంట్లో కుదరాల్సిన ఒప్పందం

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచీ, కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్ల నుంచీ కువైట్‌కు ఇంటి పనికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది తల్లులు. ఎందుకొచ్చావమ్మా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: అప్పు తీరాలి, పిల్లలు బాగుపడాలి. కొన్నేళ్లు చేసి తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం లెక్కలు ఒకలా ఉండవు. ఒకామెకు అప్పు తీరి ఉంటుంది, పిల్లలు చదువులో నిలిచి ఉంటారు. ఇంకొకామెకు అప్పు కొత్త నోటు కింద అలాగే ఉంటుంది, పెద్ద కూతురు ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి, చిన్న వయసులోనే పెళ్లయి, చంకలో బిడ్డతో ఎదురొస్తుంది. ఇద్దరూ ఇంచుమించు ఒకే జీతానికి, ఒకేలాంటి ఇళ్లలో పనిచేసి ఉంటారు. నేను చూసినంతలో ఈ తేడా ఎక్కువసార్లు ఊళ్లోనే, బయలుదేరక ముందే పుడుతుంది. ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడుకున్నారు, ఏం మాట్లాడుకోలేదు అన్న దగ్గర పుడుతుంది.

అందుకే వీసా, కఫీల్ (వీసా ఇచ్చే యజమాని), జీతం సంగతుల కంటే ముందు మీ ఇంటి సంగతి చెబుతాను. కువైట్ ఇంటితో మీకు కాంట్రాక్టు ఉంటుంది. మీ ఇంటితో కూడా ఒకటి ఉండాలి, అది ముందు కుదరాలి.

తల్లి విమానం ఎక్కిన మర్నాడు ఆ ఇంట్లో నీళ్లు పట్టేదెవరు? చిన్నోడికి తల దువ్వి బడికి పంపేదెవరు? జేజికి బీపీ మాత్ర ఇచ్చేదెవరు? ఈ ప్రశ్నలకు పైకి జవాబు చెప్పుకోకపోతే ఆ పనంతా దానంతటదే పెద్ద కూతురి మీద పడుతుంది. మొదట వారానికి ఒక రోజు బడి మానుతుంది. తర్వాత పరీక్షలు పోతాయి. ‘ఇంట్లో ఆడదిక్కు లేదు, పిల్ల ఎదిగింది’ అని పెద్దవాళ్లకు భయం పట్టుకుంటుంది. కువైట్ డబ్బు వస్తున్న ఇల్లని తెలిసి సంబంధాలవాళ్లు కట్నం పెంచి అడుగుతారు. ఆ కట్నం కోసం తల్లి ఇంకో రెండేళ్ల కాంట్రాక్టుకు ఒప్పుకుంటుంది. చదువు లేని ఆ కూతురు నాలుగిళ్లలో పనిచేసి, ముప్పై ఏళ్లు రాగానే అదే ఇంటి పని వీసా మీద అదే కువైట్‌కు వస్తుంది. మూడు తరాల ఆడవాళ్లు ఒకే పనికి వచ్చిన ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. వాళ్లలో ఎవరూ సోమరులు కారు, ఎవరూ తక్కువ సంపాదించలేదు.

కనుక ఇంటి ఒప్పందంలో మొదటి షరతు: పెద్ద పిల్లను మీ బదులు మనిషిగా పెట్టకూడదు. ఆ బాధ్యత ఒక పెద్ద మనిషికి, పేరు పెట్టి అప్పగించాలి. అమ్మ కావచ్చు, అత్త కావచ్చు, పెళ్లై పక్క వీధిలో ఉన్న చెల్లెలు కావచ్చు. ఆ మనిషికి నెలకు ఇంత అని ఇవ్వండి. ‘సొంతవాళ్లకు జీతమేంటి’ అని చాలామంది వెనకాడతారు. ఊరికే చేయించుకున్న పని ఆరు నెలలకు మించి సాగదు, ఏడో నెలలో దెప్పిపొడుపు మొదలవుతుంది, మీరు దూరాన ఉండి దాన్ని సరిదిద్దలేరు. రెండు మూడు వేలైనా సరే, ఒకటో తేదీన ఆమె చేతికి ప్రత్యేకంగా అందాలి. ఇంటి ఖర్చులో కలిపి ఇస్తే అది ఇచ్చినట్టు లెక్కలోకి రాదు.

అలాంటి మనిషి లేకపోతే పిల్లలను హాస్టల్ బడిలో చేర్చాకే బయలుదేరండి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు చదువు, బస, భోజనం ఉచితం. బడి మానేసిన పిల్లలనూ చేర్చుకుంటారు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఈ దరఖాస్తులు వేసవి సెలవులకు ముందే ముగుస్తాయి, బడులు జూన్‌లో తెరుస్తారు. ఏజెంటు ‘ఫిబ్రవరిలోనే ఫ్లైటు’ అని తొందరపెట్టినా, పిల్లను చేర్చి, అక్కడ కుదురుకుందని చూసుకుని వెళ్లడానికి నాలుగు నెలలు ఆగటం నష్టం కాదు. మంచి వీసా అయితే ఆగుతుంది. ఆగదని బెదిరించే వీసాను అనుమానించాలి.

వెళ్లేముందు క్లాస్ టీచరు ఫోన్ నంబరు తీసుకోండి, మీ వాట్సాప్ నంబరు ఆమెకు ఇవ్వండి. పిల్ల రోజూ బడికి వస్తోందో లేదో ఇంట్లోవాళ్లు మీకు చెప్పరు, మీరు బాధపడతారని దాస్తారు. టీచరు చెబుతుంది. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మన దగ్గర సాయంత్రం ఐదుకు పిల్ల బడి నుంచి వచ్చే వేళకు కువైట్‌లో మధ్యాహ్నం రెండున్నర. చాలా ఇళ్లలో అప్పటికి మధ్యాహ్నం భోజనాల గిన్నెలు ఇంకా సింకులోనే ఉంటాయి. అరగంట అటూ ఇటూ జరిపి ఒక సమయం ఖాయం చేసుకోండి. వారంలో రెండు రోజులైనా అది తప్పకూడదు. ఆ ఫోన్‌లో మొదటి ఐదు నిమిషాలు పిల్లతో మాత్రమే మాట్లాడండి. లేకపోతే ఫోను అత్త చేతి నుంచి మరిది చేతికి వెళ్లి, డబ్బు మాటలతోనే అయిపోతుంది.

పెద్దల చేతిలో నిర్ణయం వదిలి వెళ్లకూడని విషయం ఒకటుంది, పెళ్లి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయటం నేరం. ఊళ్లో ఆ మాట వినిపించిన రోజునే మీరు గట్టిగా కాదనాలి. మాట చెల్లకపోతే 1098కు టీచరు గానీ, ఊళ్లో మీరు నమ్మే మనిషి గానీ ఫోన్ చేస్తే పిల్లల సంరక్షణ అధికారులు ఇంటికి వస్తారు. సొంత ఇంటి మీద ఫిర్యాదు చేయించటం ఏ తల్లికైనా కష్టమే. కానీ ఎనిమిదేళ్లు గిన్నెలు తోమి సంపాదించింది ఆ ఒక్క ముహూర్తంతో పోతుంది.

ఇక డబ్బు. ఎక్కువ ఇళ్లలో జరిగేదేమిటంటే, జీతం భర్త ఖాతాకో మరిది ఖాతాకో వెళుతుంది. అక్కడి నుంచి ఏమైందో మీకు మాటల్లోనే తెలుస్తుంది. వెళ్లేముందు మీ పేరున, మీ ఫోన్ నంబరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ సిమ్‌కు రోమింగ్ వేయించి, కువైట్‌లోనూ రీచార్జి చేస్తూ బతికించుకోండి. చాలామంది దీన్ని నిర్లక్ష్యం చేస్తారు. సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే మీ ఖాతా మీ చేతిలో లేనట్టే. కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరును వేరేవాళ్లకు కూడా ఇచ్చేస్తుంది. విదేశంలో ఉద్యోగం మొదలయ్యాక పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి, పంపే జీతానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకోవచ్చు. బ్యాంకులో అడిగితే ఫారం ఇస్తారు. డబ్బు మీ ఖాతాకు పంపి, అక్కడి నుంచి ఇంటికి నెలవారీ మొత్తం వేయండి. బ్యాంకు బయట హుండీలో రేటు నాలుగు పైసలు ఎక్కువ వస్తుందని ఆశపడొద్దు. ఆ డబ్బు మీదేనని రేపు చూపించటానికి రసీదు ఉండదు, మధ్యలో మనిషి మాయమైతే అడగటానికి చోటు ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. జీతం 110 దీనార్లు అనుకుందాం, దీనారుకు 280 రూపాయలు. పది దీనార్లు సబ్బుకూ ఫోనుకూ మీ దగ్గర ఉంచుకుని వంద పంపితే 28,000. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర అప్పు ఉంది. నెల వడ్డీయే 4,500. ఇంటికీ పిల్లలకూ 13,500 కేటాయించి, మిగతా 14,500 మొత్తం అప్పుకే కడితే పదమూడు నెలల్లో అప్పు తీరిపోతుంది, వడ్డీ కింద పోయేది సుమారు 32,000. అదే, ‘నెమ్మదిగా కడదాంలే’ అని నెలకు ఆరు వేలే కడితే నలభై ఏడు నెలలు పడుతుంది, వడ్డీకే లక్షా ముప్పై వేలు పోతాయి. ఉత్త వడ్డీ ఒక్కటే కడుతూ పోతే రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేసరికి 1,08,000 కట్టి ఉంటారు, అసలు లక్షన్నర అక్కడే ఉంటుంది. జీతం పెరగాలని కఫీల్‌ను అడిగే ముందు ఈ లెక్క చూసుకోండి. ఐదు దీనార్ల పెంపు కంటే అప్పు కట్టే పద్ధతి మారటమే ఎక్కువ మిగులుస్తుంది.

కట్టేటప్పుడు ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించాలి. కట్టేది మీ అమ్మ అయితే ఆ చెల్లు ఫొటో తీసి పంపమనండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి విమానం ఎక్కితే, మీరు లేనప్పుడు ఆ కాగితం మీద ఎంతైనా రాయొచ్చు. డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్లు వెళ్లేముందు గ్రూపు లీడరుతో మాట్లాడి, మీ పొదుపు ఎవరు కడతారో, సభ్యత్వం ఎలా నిలుస్తుందో తేల్చుకోండి. బ్యాంకు లింకేజీ వడ్డీకీ ఊరి వడ్డీకీ పోలికే లేదు. ఆ దారి తెగిపోతే తిరిగొచ్చాక మళ్లీ మూడు రూపాయల వడ్డీ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. ప్రభుత్వ పథకాల సంగతి కూడా ఇలాంటిదే. తల్లికి వందనం డబ్బు 2025 నుంచి తల్లి ఖాతాలో పడుతోంది. తల్లి దేశంలో లేనప్పుడు ఈ-కేవైసీ, బియ్యం కార్డు వివరాలు ఎలా ఉండాలో సచివాలయంలో ముందే అడిగి రాయించుకోండి.

అప్పు తీరాక వచ్చే ప్రమాదం ఇల్లు. స్లాబు ఇల్లు కట్టాలన్న కోరిక న్యాయమైనదే. కానీ సగం కట్టిన ఇంటికి మళ్లీ అప్పు చేసి, పిల్ల ఇంటర్ ఫీజు ఆపి, గృహప్రవేశానికి ఊరంతా భోజనం పెట్టిన తల్లులు మళ్లీ మొదటి రోజు దగ్గరికే వచ్చారు. నా సలహా, పిల్లల చదువుకు రికరింగ్ డిపాజిట్ ముందు, ఇల్లు తర్వాత. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ మీ పేరునే జరగాలి, దానికి మీరు సెలవులో వచ్చినప్పుడే ముహూర్తం పెట్టుకోండి. ‘ముందు మా పేరున కొని తర్వాత మారుద్దాం’ అన్న మాట దగ్గర ఎంతమంది చిక్కుకున్నారో గల్ఫ్ నుంచి వచ్చిన ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది.

ఊరి నుంచి ఫోన్ వస్తుంది. ‘వదినా, ఈ నెల ట్రాక్టరు కంతు కట్టకపోతే ఎత్తుకుపోతారంట, పిల్లోళ్ల ఫీజు వచ్చే నెల చూద్దాం’ అంటాడు మరిది. అతను అబద్ధం చెప్పకపోవచ్చు. అయినా మీ జవాబు ముందే తయారుగా ఉండాలి: ‘నాయనా, ఫీజు డబ్బు డిపాజిట్‌లో వేసేశాను, మధ్యలో తీయను. ట్రాక్టరు సంగతి నేను ఊరికి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడదాం.’ కోపం తెచ్చుకోవద్దు, సంజాయిషీ చెప్పుకోవద్దు. రెండు మూడు సార్లు ఇదే జవాబు వింటే అడగటం తగ్గుతుంది. భర్తకు తాగుడు అలవాటున్న ఇళ్లలో ఇంటి ఖర్చు కూడా అతని చేతికి వెళ్లకూడదు. పిల్లలను చూసుకునే మనిషి ఖాతాకే వెళ్లాలి, ఆ సంగతి అతనికి మీరు బయలుదేరక ముందే, నలుగురి ముందు చెప్పాలి. ఫోన్‌లో తర్వాత చెబితే గొడవ ఆ మనిషి మీద పడుతుంది.

కువైట్‌లో మన ఆడవాళ్లు వేసుకునే చీటీల గురించి ఒక్క మాట. శుక్రవారం కువైట్ సిటీ మాలియాలో కలిసినప్పుడు నమ్మకం మీద నడిచే చీటీలు అవి. పాడుకున్న మనిషి అకామా (నివాస అనుమతి) రద్దై వెళ్లిపోతే అడగటానికి ఏ కాగితమూ ఉండదు. వేయకండి.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. ఇంటి పనివాళ్లకు ఇచ్చేది ఆర్టికల్ 20 వీసా, మనవాళ్లు ఇరవై నంబరు, ఖాదిమ్ వీసా అంటారు. కంపెనీల్లో చేసేవాళ్లకు ఆర్టికల్ 18, దాన్నే షూన్ అంటారు. ఈ రెండింటికీ చట్టాలు వేరు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) రకం. అలాంటి ఆడవాళ్లు ఇంటి పనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి రావాలి, నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఊరి సబ్ ఏజెంటు ఈ దారి పొడవని చెప్పి, విజిట్ వీసా మీద దుబాయ్ పంపి అక్కడి నుంచి మారుస్తానంటాడు, లేదా ఆధార్‌లో వయసు పెంచుతానంటాడు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు కాంట్రాక్టు లేదు, ఇన్సూరెన్సు లేదు, రాయబార కార్యాలయం దగ్గర పేరు కూడా ఉండదు. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయాల్సిన మనిషే చట్టవిరుద్ధంగా ఉన్నట్టు లెక్క.

డబ్బు విషయంలోనూ ఏజెంటు మాట నమ్మొద్దు. ఇంటి పనివాళ్ల నియామకానికి పనివాళ్ల దగ్గర సొమ్ము తీసుకోవటాన్ని కువైట్ చట్టమే నిషేధించింది. ఆ ఖర్చు తెప్పించుకునే ఇంటిది. అంటే లక్ష, లక్షన్నర అప్పు చేసి వీసా కొనటమంటే, కఫీల్ ఒకసారి కట్టిన దానికి మీరు రెండోసారి కడుతున్నారు.

ఈ చట్టం పేరు 2015 నాటి 68వ నంబరు చట్టం. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చిన మొదటి దేశాల్లో కువైట్ ఒకటి. అందులో ఉన్నవి గుర్తుపెట్టుకోండి: రోజుకు పన్నెండు గంటలకు మించి పని లేదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు, పని ముగించి వెళ్లేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. జీతం ఆలస్యమైతే నెలకు పది దీనార్లు అదనంగా ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటి పనివాళ్ల మీద ఒక అవగాహన ఒప్పందం కూడా చేసుకున్నాయి.

చట్టంలో ఉన్నదంతా ఇంట్లో జరుగుతుందన్న భ్రమ పెట్టుకోవద్దు. చాలా ఇళ్లలో పాస్‌పోర్టు మామా (ఇంటి యజమానురాలు) అలమరలోనే ఉంటుంది, వారం సెలవు నెలకోసారికి దిగుతుంది. రంజాన్ నెలలో పని రెట్టింపవుతుంది. సాయంత్రం ఇఫ్తార్ వంట, ఆ తర్వాత దివానియాకు (మగవాళ్లు కూర్చునే అతిథుల గది) వచ్చిన అతిథులకు అర్ధరాత్రి దాకా చాయ్ ట్రేలు, తెల్లవారకముందే సుహూర్ గిన్నెలు. ఆ నెలలో పన్నెండు గంటల లెక్క పెట్టుకుని గొడవపడితే గెలవరు. గెలవగలిగిన చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి, జీతం ప్రతి నెలా ఒకే తేదీన రావాలి. రెండు, పగలో రాత్రో ఆరేడు గంటల నిద్ర దక్కాలి. మూడు, ఫోను మీ దగ్గరే ఉండాలి. నాలుగు, మామా చెల్లెలి ఇంటికో తల్లి ఇంటికో కూడా చాకిరీకి పంపకూడదు, కాంట్రాక్టు ఒక్క ఇంటికే. మొదటి నెలలోనే, మంచి మాటతో, ఈ నాలుగూ ఖాయం చేసుకోండి. మొదటి నెలలో ఒప్పుకున్నది ఆరో నెలలో మార్చటం దాదాపు అసాధ్యం.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2006లోనే తన ఆడవాళ్లకు నెలకు 400 డాలర్ల కనీస జీతం పెట్టి పంపటం మొదలుపెట్టింది. 2018లో కువైట్‌తో ఒప్పందంలో ఫోను, పాస్‌పోర్టు విషయాలు కూడా రాయించుకుంది. పక్క ఇంట్లో ఫిలిపినో ఆమెకు మీకంటే జీతం ఎక్కువ అయితే ఆమె పని ఎక్కువని కాదు, ఆమె వెనక ప్రభుత్వం పట్టుబట్టింది. మన ప్రభుత్వాలు కూడా ఆ పని చేయాలని గట్టిగా అడగాల్సిందే. అప్పటిదాకా మీ కాంట్రాక్టులో అంకె ఎంత రాశారో మీరే చూసుకోవాలి. కాంట్రాక్టు అరబీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది, జీతం అంకె ఎవరైనా చదవగలరు. నోటిమాటకూ ఆ అంకెకూ తేడా ఉంటే ఊళ్లోనే ఆగిపోండి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. నామినీ పేరు దగ్గర ఎవరి పేరు పడిందో చూసుకోండి. ఏజెంటు ఫారం నింపితే చాలాసార్లు అలవాటుగా భర్త పేరు రాసేస్తాడు. పిల్లలను పెంచుతున్నది మీ అమ్మ అయితే ఆమె పేరు రాయించండి.

దిగిన తర్వాత బతాకా, అంటే సివిల్ ఐడీ, వచ్చిన రోజునే రెండు వైపులా ఫొటో తీయండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బతాకా ఫొటోలు ఊళ్లో చెల్లెలి ఫోన్లో ఉండాలి, ఒక జిరాక్స్ సెట్ మీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉండాలి. కాగితం విలువ 1990లో తెలిసింది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు, ఎక్కువమంది జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో, కట్టుబట్టలతో ఇంటికి చేరారు, వాళ్లలో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్, దేశం వదిలి రావాల్సి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు ఇచ్చింది. కువైట్‌లో ఉన్నట్టు, అక్కడి నుంచి వచ్చినట్టు చూపించగలిగినవాళ్ల పని సులువైంది.

జీతం అందిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో తేదీ, నెల, దీనార్లు రాయండి, ఆ పేజీ ఫొటో ఊరికి పంపండి. చదువు రాకపోతే అంకెలు చాలు. ‘మీ డబ్బు నా దగ్గర దాస్తాను, వెళ్లేటప్పుడు ఒకేసారి ఇస్తాను’ అని మామా అంటే ప్రేమగా అన్నా ఒప్పుకోవద్దు. పిల్లల ఫీజు ఉంది, ప్రతి నెలా పంపాలి అనండి, ఆ మాట అక్కడి తల్లులకు కూడా అర్థమవుతుంది. ఫోన్‌లో సహెల్ యాప్ వేసుకుంటే మీ అకామా ఎప్పటిదాకా ఉందో, మీ మీద ఏదైనా కేసు ఉందో మీరే చూసుకోవచ్చు.

రెండు నెలలు జీతం రాకపోయినా, కొట్టినా, తిండి పెట్టకపోయినా ఏం చేయాలి? ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, తెలిసినవాళ్ల మాట మీద రాత్రికి రాత్రి గోడ దూకి ఫర్వానియాలోనో జ్లీబ్‌లోనో గదిలో చేరటం. కఫీల్ మర్నాడే పారిపోయిందని కేసు పెడతాడు. ఆ తర్వాత మీ జీతం బాకీ ఎవరూ అడగరు, మీరే నేరస్తులు. బయటపడాల్సిన పరిస్థితి వస్తే నేరుగా దైయాలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి, అక్కడ ఇంటి పని ఆడవాళ్లకు షెల్టర్ ఉంది. ప్రాణాపాయమైతే 112. జీతం ఫిర్యాదు పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్‌లోని ఇంటి పనివాళ్ల విభాగంలో పెట్టాలి, రాయబార కార్యాలయం వాళ్లు దారి చూపిస్తారు. అక్కడ మీ నోటుబుక్కు పనికొస్తుంది. ఊళ్లో మీవాళ్లకు 1800 11 3090 నంబరు రాసిచ్చి రండి, అది ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానిది.

బయట గదిలో ఉండి నాలుగిళ్లలో గంటల లెక్కన చేస్తే రెట్టింపు వస్తుందన్న ఆశ ప్రతి ఒక్కరికీ వస్తుంది. ఫ్రీ వీసా, ఆజాద్ వీసా అని అమ్మేది ఇదే. మీ కాగితం మీద ఉన్న కఫీల్ ఇంట్లో కాక వేరే చోట పనిచేస్తే అది చట్టవిరుద్ధం. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త రెసిడెన్సీ చట్టం జరిమానాలు, శిక్షలు పెంచింది. క్షమాభిక్షలు వచ్చాయి, 2018లో, 2020లో, 2024లో. ప్రతిసారీ మనవాళ్లు వరసల్లో నిలబడి తిరిగి వచ్చారు, చాలామంది పొదుపు అప్పటికే ఖర్చయిపోయింది. ‘మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు’ అన్న లెక్క మీద పిల్లల చదువు నడపలేం. కాగితం సరిగా ఉంటే చెల్లెలి పెళ్లికో, అమ్మ చావుకో టికెట్ తీసుకుని రావచ్చు. ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితం లేకుండా, ఉన్నవాళ్లకు ఆ దారి లేదు, ఆ బాధ పంచుకోవటానికి కూడా పక్కన ఎవరూ ఉండరు.

ఊరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్న తల్లి ఆరు నెలల ముందే చెప్పకుండా లెక్క మొదలుపెట్టాలి. 110 దీనార్ల మీద నాలుగేళ్లు చేసినవాళ్లకు చివరి లెక్క 440 దీనార్లు, అంటే మన డబ్బులో లక్షా ఇరవై మూడు వేలు. ఇది బహుమతి కాదు, మీ హక్కు. చాలామంది ‘టికెట్ ఇచ్చారు, బంగారు ఉంగరం పెట్టారు’ అని సంతోషపడి అడగకుండా వచ్చేస్తారు. మర్యాదగా అడగండి, వాడని సెలవుల లెక్క కూడా అడగండి. అన్నీ ముట్టాయని అరబీలో రాసిన కాగితం మీద, దీనార్లు చేతికి రాకముందు సంతకం పెట్టొద్దు. సెలవుకు వెళ్తున్నానని చెప్పి తిరిగి రాకుండా ఉండిపోవటం కంటే అకామా పద్ధతిగా రద్దు చేయించుకుని రావటం మంచిది, రేపు మళ్లీ రావాల్సి వస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది.

ఆ చివరి నెలల్లో మామా ఒక మాట అడిగే అవకాశం ఉంది: నువ్వు వెళ్తే నాకెవరు, మీ అమ్మాయిని పంపు, పనిలో పెట్టుకుంటాను. బాగా చూసుకున్న ఇల్లయితే ఆ మాట తోసేయటం కష్టం. అమ్మాయి చదువుకుంటోందని ఒక్క వాక్యం చెప్పి ఆగండి. చెల్లెలి కూతుర్ని, మేనకోడల్ని పంపుతానని కూడా మాట ఇవ్వొద్దు. ముప్పై నిండని పిల్లను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పంపాలంటే వయసో వీసానో తప్పు రాయించాల్సిందే. ఇంటికి మనిషి కావాలంటే వాళ్లు నియామక ఆఫీసు ద్వారా తెచ్చుకుంటారు. మీ టికెట్‌నూ చివరి లెక్కనూ ఈ మాటతో ముడిపెడితే, లెక్క చేతికి వచ్చాక మాట్లాడదామని చెప్పి వాయిదా వేయండి. అయినా ఇవ్వకపోతే ప్రయాణానికి ముందే రాయబార కార్యాలయంలో ఫిర్యాదు రాయించండి. విమానం ఎక్కాక ఆ బాకీ వసూలు చేయటం చాలా కష్టం.